16 లీటర్ల చార్జింగ్ పంపు, రెండు సీజన్లు మోశాక

ఇది వీపుకి తగిలించుకుని చేనుకి పురుగుమందు కొట్టే బ్యాటరీ పంపు సంగతి. ముందే చెప్పేస్తున్నా, 5కి 3 మార్కులు. ఆ మూడూ మోటారుకి, పిచికారీకి, చేతి నొప్పి తప్పించినందుకు. పోయిన రెండింటిలో ఒకటి బెల్టుది. రెండోది పంపుది కూడా కాదు, దాన్ని అమ్మిన తీరుది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే మా మండలంలో దుకాణాలన్నీ తిరిగి చూశాను, స్టిక్కర్ పీకేస్తే ఏది ఎవరిదో తయారు చేసినవాడు కూడా చెప్పలేడు, అన్నీ కవల పిల్లలే. యూట్యూబ్‌లో ఈ పంపుల మీద వీడియోలు బోలెడున్నాయి. నేను చూసిన అన్నింట్లోనూ భుజానికి తగిలించుకుని చూపించేది మగమనిషే. అదీ ఖాళీ పంపు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఒక పంపుకి ఇంత కథేంటి అనుకుంటారు. మాది వరంగల్ వైపు. రెండెకరాల చెలక మాది, ఇంకో ఎకరంన్నర కౌలు, మొత్తం పత్తే, బావి కింద ఇరవై గుంటల్లో మిర్చి. మా ఆయన హైదరాబాద్‌లో కారు నడుపుతాడు, నెలకి ఒకటి రెండుసార్లు వస్తాడు. గింజ పెట్టడం, కలుపు తీయడం, ఎరువు వేయడం, పత్తి ఏరడం, మిర్చి కోయడం మా అమ్మ కాలం నుంచీ ఆడవాళ్ల పనులు. దుక్కి, మందు కొట్టడం మగవాళ్లవి. మరి మందు కొట్టే రోజు ఆడవాళ్లు ఏం చేస్తారంటే, బిందెలతో నీళ్లు మోసి డ్రమ్ము నింపుతారు, మందు కలుపుతారు, పంపులో పోస్తారు, కొట్టే మనిషి వీపుకి ఎత్తుతారు. అసలు ఘాటు మందు చేతికి తగిలేది కలిపేటప్పుడే, ఆ చేతులు మావి, పంపుకింత అని లెక్కగట్టి పైసలు తీసుకునేది మాత్రం కొట్టినవాడు. చేతి పంపు రోజుల్లో దానికో కారణమైనా ఉండేది, ఎడమ చేత్తో ఆపకుండా హ్యాండిల్ కొడుతూ కుడి చేత్తో గన్ను (మందు చిమ్మే గొట్టం) తిప్పాలి, ఎకరం అయ్యేసరికి మగవాళ్లకే భుజం పడిపోయేది. చార్జింగ్ పంపు వచ్చాక ఆ హ్యాండిలే లేదు కదా, బటన్ నొక్కితే అదే కొడుతుంది. అయినా పని ఎవరిదనే లెక్క మాత్రం మారలేదు.

నేనూ మార్చాలని ఏం అనుకోలేదు, 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడకపోయి ఉంటే. వరంగల్, ఖమ్మం వైపు తోట వేసినవాళ్లకి ఆ ఏడాది గుర్తు చేయక్కర్లేదు. పూత నిండా పురుగే, చూస్తుండగానే పూలు రాలిపోవడం, ఊరు ఊరంతా ఒకేసారి మందు మీద పడింది. కొట్టే మనుషులు మా ఊళ్లో ఆరుగురు. ఇంట్లో మగమనిషి ఉండి దబాయించి అడగగలిగిన వాళ్ల తోటలు ముందు అయ్యాయి, నాకు "రేపు తప్పకుండా వదినా" అని మూడు రేపులు. ముందు రోజే కొట్టి ఉంటే తోట దక్కేదని అనను, రోజు విడిచి రోజు కొట్టినవాళ్లవీ పోయాయి. కానీ ఆ మూడు రోజులు గట్టు మీద నిలబడి పూలు రాలడం చూడ్డం ఉందే, అది ఇంకోసారి వద్దనుకున్నాను. అనుకున్నా కూడా కొనడానికి 2024 వానాకాలం దాకా పట్టింది, మధ్యలో అప్పులు, పిల్లల ఫీజులు, మామూలే.

దుకాణానికి వెళ్తే మొదటి మాట, "సార్ రాలేదా అమ్మా?" రాలేదన్నా. "నంబర్ ఇవ్వండి, ఫోన్‌లో మాట్లాడి ఏది కావాలో కనుక్కుంటాను." ఆయన జూబ్లీహిల్స్‌లో ఎవరినో దించుతుంటాడు, పంపు మోసేది నేను, నాకు చూపించండి అన్నాను. చూపించాడు, కాదనను, కానీ చెప్పేదంతా నా వెనక నిలబడ్డ మా తమ్ముడి వరస అబ్బాయి మొహం చూసి చెప్పాడు, వాడు ఇంటర్ చదువుతున్నాడు, బండి మీద తోడొచ్చాడు అంతే. రెండు రకాలు చూపించాడు. 12 వోల్టుల 8 ఏహెచ్ బ్యాటరీది 3,200, 12 ఏహెచ్ బ్యాటరీది 3,900. పెద్ద బ్యాటరీ అంటే ఎక్కువసేపు పనిచేస్తుంది, కానీ బరువు కూడా పెరుగుతుంది. నేను చిన్నదే తీసుకున్నాను. అది సరైన పనే అని ఇప్పటికీ అనుకుంటున్నా, ఎందుకో కింద రాస్తాను.

ఇంటికొచ్చి పత్తి తూచే కాంటాకి తగిలిస్తే ఖాళీ పంపు ఆరు కిలోలు. పదహారు లీటర్ల నీళ్లంటే పదహారు కిలోలు. మొత్తం ఇరవై రెండు. నేను నలభై ఎనిమిది కిలోలు. అంటే నాలో దాదాపు సగం బరువుని వీపు మీద వేసుకుని, నడుం ఎత్తు పత్తి చేలో, బురదలో, రోజుకి పదీ పన్నెండుసార్లు తిరగాలి. బరువు మోయడం మాకు కొత్త కాదు, యూరియా బస్తా 45 కిలోలు, అవసరమైతే అదీ ఎత్తాం. కానీ బస్తా దింపేసి ఊపిరి తీసుకుంటాం. ఇది వీపు మీదే ఉంటుంది, పైగా లోపల నీళ్లు ఊగుతాయి, సాలు తిరిగేటప్పుడు మనం ఒకవైపు, అది ఒకవైపు.

అసలు తలనొప్పి బెల్టు. చివరి కన్నం దాకా బిగించినా నాకు వదులే. పంపు అడుగు పిరుదుల మీద కొట్టుకుంటుంది, బరువంతా భుజాల మీద కాకుండా వెనక్కి లాగుతుంది, దాంతో మనిషి ముందుకి వంగి నడవాలి, మొదటి రోజు సాయంత్రానికి నడుం విరిగింది. రెండు బెల్టుల మధ్య దూరం వెడల్పు భుజాలకి కొలిచి పెట్టినట్టుంది, నా భుజాల మీంచి పక్కకి జారిపోతూనే ఉంటుంది, జారినప్పుడల్లా గన్ను పట్టుకున్న చేత్తోనే పైకి లాక్కోవాలి, లాక్కునేటప్పుడు గన్ను మన వైపే తిరుగుతుంది. ఇంకోటి, మగవాళ్లు ఎవరూ రాయని సంగతి, ఆ బకిల్ సరిగ్గా ఛాతీ మీద ఒరుసుకుంటుంది. చీర మీద మా ఆయన పాత ఫుల్ చేతుల చొక్కా వేసుకుని దిగుతాను (పత్తి చేలో దిగే ఆడవాళ్లందరిదీ ఇదే యూనిఫాం), అయినా రెండో రోజుకి కమిలిపోయింది. మూడో రోజు పంపు తీసుకెళ్లి మండలంలో చెప్పులు కుట్టే ఆయన దగ్గర పెట్టాను. బెల్టు జానెడు కోయించి, కొత్త కన్నాలు పెట్టించి, లోపల స్పాంజి వేయించి, రెండు బెల్టుల్నీ ఛాతీ పైన కలిపేలా అడ్డంగా ఒక పట్టీ కుట్టించాను. అరవై రూపాయలు తీసుకున్నాడు, అరగంట పని. ఆ పట్టీ కుట్టాక ఇదే పంపు వేరే పంపు అయిపోయింది, నిజంగా. ఫ్యాక్టరీలో ఆ పట్టీ వేసి అమ్మితే మహా అయితే పది రూపాయలు పడుతుందేమో, నాలుగో మార్కు అక్కడే ఇచ్చేద్దును.

ఎత్తుకోవడం గురించి కూడా ఎవరూ చెప్పరు. తోడు మనిషి ఉంటే సరే, ఒక్కదాన్నే ఉన్నప్పుడు నిండు పంపుని నేల మీంచి వీపు మీదకి తెచ్చుకోవడం కుదరదు, నడుం పట్టేస్తుంది. నేను చేసేది ఇది: ఖాళీ పంపుని గట్టు మీద పెడతాను, అక్కడే నింపుతాను, గట్టు కింద దానికి వీపు పెట్టి కూర్చుని బెల్టులు వేసుకుని, ముందు పాతిన కర్ర పట్టుకుని లేస్తాను. చేను నాలుగు మూలలా అలాంటి కర్రలు నాలుగు పాతాను. మా అత్తమ్మ చూసి "ఇవేం కర్రలే, పందికొక్కులకా?" అంది.

ఇంకో మార్పు, పంపు నిండా పోయడం మానేశాను. 12 లీటర్ల గీత దాకానే పోస్తాను. ఇక్కడ జాగ్రత్త. దుకాణంలో మందు కొంటే "పంపుకి రెండు మూతలు" అని చెప్పి పంపేస్తారు, ఆ పంపు పది లీటర్లదా, పదహారుదా, ఇరవైదా అని అడగరు. మందు కొలత లీటరుకి ఇంత అని ఉంటుంది. ఉదాహరణకి 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, పదహారు లీటర్లకి 80, పన్నెండు లీటర్లకి 60. నీళ్లు తగ్గించి మూతలు అవే పోస్తే ఆకు మాడుతుంది, పైసలూ పోతాయి. పిల్లల దగ్గు మందుతో వచ్చే కొలత గిన్నె ఒకటి పంపుకి దారంతో కట్టి పెట్టుకున్నాను, మళ్లీ అది ఇంట్లోకి రాదు. పెరిగిన పత్తికి ఎకరానికి 200 లీటర్ల దాకా నీళ్లు పడతాయి, పదహారు లీటర్ల లెక్కన పన్నెండు పదమూడు పంపులు, పన్నెండు లీటర్ల లెక్కన పదహారు పదిహేడు. నాలుగు తిరుగుళ్లు ఎక్కువ. నడుముకి మాత్రం పద్దెనిమిది కిలోలకీ ఇరవై రెండు కిలోలకీ తేడా తెలుస్తుంది. పెద్ద బ్యాటరీ వద్దన్నది ఇందుకే, అక్కడ తగ్గించిన బరువు ఇక్కడ మళ్లీ నెత్తికెత్తుకోవడం దేనికి.

ఇక పంపు మంచితనం. మోటారు బాగుంది, ఒత్తిడి సమానంగా వస్తుంది, నాబ్ తిప్పి తగ్గించుకోవచ్చు, మిర్చి లేత మొక్కలకి తగ్గించి కొడతాను. మంచు లాంటి తుంపర, గన్ను కింద నుంచి పైకి తిప్పితే ఆకు అడుగున కూడా తడుస్తుంది, తెల్లదోమ, పచ్చదోమ ఉండేది అక్కడే కదా. నాజిళ్లు మూడు నాలుగు ఇచ్చారు. కలుపు మందుకి కొట్టే నాజిల్ వేరు, పురుగు మందుది వేరు, వీలుంటే పంపే వేరుగా పెట్టుకోండి. మా పక్క చేనులో కలుపు మందు కొట్టిన పంపు సరిగ్గా కడగకుండా పత్తికి వాడారు, ఆకులు ముడుచుకుపోయాయి, నెల రోజులు తేరుకోలేదు. జల్లెడ తప్పకుండా వాడాలి, బావి నీళ్లలో నాచు ఉంటే నాజిల్ మూసుకుపోతుంది, అప్పుడు దాన్ని నోటితో ఊదేవాళ్లు ఉన్నారు, దయచేసి వద్దు, పాత టూత్ బ్రష్ చాలు.

మూత దగ్గర వాషర్ మాత్రం దండగ. వంగినప్పుడల్లా మందు నీళ్లు కారి వీపు మీద పడతాయి. మొదటి సీజన్లో నాకు తెలియలేదు, చెమటేమో అనుకున్నా, సాయంత్రం స్నానం చేస్తుంటే మంట. పాత సైకిల్ ట్యూబ్ కోసి వాషర్‌లా పెట్టాక ఆగింది. ఇక్కడ నా డిగ్రీ చదువు ఒక్క పనికొచ్చింది. మందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది, ఎరుపు అంటే అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా ఊళ్లో కొట్టేవాళ్లకి కొంతవరకు తెలుసు, కలిపే ఆడవాళ్లకి ఎవరూ చెప్పలేదు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఎంతమంది చనిపోయారో పేపర్లో చదివాం, ఆ చేలు మా చేల లాంటివే, ఆ పత్తి ఇదే పత్తి. పాలిచ్చే తల్లులు, కడుపుతో ఉన్నవాళ్లు కొట్టడమే కాదు, కలపడం కూడా చేయకూడదు. మరి ఎవరు కలుపుతారు అంటే నా దగ్గర జవాబు లేదు, మా చెల్లెలు ఏడో నెలలో కూడా కలిపింది.

దీంతోపాటే ఇంకో లెక్క తట్టింది. తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది, 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంగా పోయినా ఇంటికి 5 లక్షలు వస్తాయి. మంచి పథకం, మా వాడలో ఇద్దరికి వచ్చింది కూడా. మా ఇంట్లో పట్టాదారు మా ఆయన. మందు వీపు మీద కారేది నాకు, బీమా ఉన్నది ఏసీ కార్లో తిరిగే మనిషికి. నవ్వుతూనే అన్నాను ఆయనతో, ఆయన నవ్వలేదు.

రాయితీ కథ కూడా ఇదే కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. కేంద్ర యాంత్రీకరణ పథకంలో చాలా పరికరాలకి మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, చిన్న సన్నకారు రైతులకి 50 శాతం దాకా, మిగతావాళ్లకి 40 శాతం దాకా రాయితీ అని ఉంటుంది. మహిళలకి అని చదివి పంపుకి కూడా వస్తుందేమో అడుగుదామని ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. "భూమి పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందమ్మా?" అంతే, అయిపోయింది. ఆయన పేరు మీద పెట్టుకోవచ్చన్నారు, కానీ ఆయన రావాలి, అంటే ఒక రోజు కిరాయి పోవాలి, ఇప్పుడే వస్తుందనీ లేదు. కౌలు భూమి లెక్కలోకే రాదు. వదిలేసి మొత్తం పైసలు పెట్టి కొన్నాను. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ఆడవాళ్లు నడిపే కమతాలు దాదాపు 14 శాతమే అని తేలింది. మా చేలల్లో పొద్దున తొమ్మిదింటికి వచ్చి తలలు లెక్కపెడితే ఆ అంకె ఎలా వచ్చిందో ఎవరికీ అర్థం కాదు, పాస్‌బుక్కులు లెక్కపెడితే అర్థమవుతుంది. ఆడపిల్లకి వాటా ఉందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే చట్టం, దేశమంతటా 2005 నుంచి. నాకూ ఉండేది మా నాన్న భూమిలో. తమ్ముడి పేరు మీద పట్టా మార్చేటప్పుడు సంతకం పెట్టేశాను, పండక్కి చీర పెట్టారు. ఆ చీర ఇంకా ఉంది, మంచిదే.

మా ఊరి రైతు వేదికలో మీటింగులు పెడతారు, మంచి విషయాలు చెప్తారని విన్నాను. సాయంత్రం ఐదింటికి పెడతారు. అప్పుడు బర్రెల పాలు పిండే టైం. ఒక్కసారి వెళ్లాను, వెనక కూర్చున్నా, పంపు బెల్టు గురించి అడుగుదామని చెయ్యెత్తితే అందరూ తిరిగి చూశారు, ఏం అడగాలో మర్చిపోయాను. తర్వాత ఒక కృషి విజ్ఞాన కేంద్రం ఎగ్జిబిషన్‌లో తెలిసిందేంటంటే, ఆడవాళ్ల ఎత్తు, బలం కొలిచి మరీ పనిముట్లు చేసే సంస్థలు మన దేశంలో ఉన్నాయట, భోపాల్‌లో వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ, భువనేశ్వర్‌లో మహిళా వ్యవసాయానికి ప్రత్యేకంగా ఒక కేంద్ర సంస్థ. వంగకుండా నిలబడి గింజ పెట్టే నవీన్ డిబ్లర్, రెండు చక్రాల దంతె అక్కడ పట్టుకుని చూశాను, పిడి నా చేతికి సరిగ్గా సరిపోయింది, అంత ఆనందమేసింది. మా దుకాణంలో అడిగితే పేరు రెండుసార్లు చెప్పించుకుని "అవి రావమ్మా" అన్నాడు.

డ్రోన్ ఉండగా ఈ పంపు గోల ఎందుకు అంటారేమో. మా మండలంలో ఒక మహిళా సంఘానికి డ్రోన్ వచ్చింది, నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 సంఘాలకి ఇవ్వాలని కేంద్రం 2023లో పెట్టుకుంది, 80 శాతం రాయితీ, 8 లక్షల దాకా. నడిపే అమ్మాయి మా అక్క తోడికోడలి బిడ్డ, పదిహేను రోజులు ట్రైనింగ్ తీసుకుంది. ఒకసారి పిలిపించాను. ఎకరం పది నిమిషాల్లో అయిపోయింది, నాలుగొందలు, వీపు మీద చుక్క పడలేదు, గట్టు మీద కూర్చుని చాయ్ తాగాను. వరికి అయితే నేను కళ్లు మూసుకుని అదే చెప్తాను. కానీ ఎదిగిన పత్తిలో కింద ఆకుల అడుగున అంతగా తడవలేదు, మిర్చి దగ్గర కరెంటు తీగ అడ్డం, ఇరవై గుంటలకి అంత దూరం నుంచి ఆటోలో డ్రోన్ వేసుకుని రమ్మనడం వాళ్లకీ గిట్టుబాటు కాదు. పెట్రోల్ తైవాన్ పంపు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా, తాడు లాగి స్టార్ట్ చేయడం, ఆ బరువు, ఆ వణుకు, ఆ చప్పుడు, వద్దు.

బ్యాటరీ మొదటి సీజన్లో ఒక చార్జింగ్‌కి పద్నాలుగు పంపులు దాకా కొట్టింది. రెండో సీజన్ మొదలుపెట్టేసరికి ఎనిమిది. తప్పు నాదే, యాసంగి అంతా అటక మీద పడేశాను, వాడకపోయినా నెలకోసారి చార్జింగ్ పెట్టాలట, బాక్సులో ఉన్న కాగితం మీద ఇంగ్లీషులో చివరి లైన్లో ఉంది. ఆ తర్వాత ఆగస్టులో, గ్యారంటీ ఇంకా ఉండగానే, మోటారు ఆగిపోయింది. కార్డు తీసి చూస్తే పేరు దగ్గర మా ఆయన పేరు, ఫోన్ నంబర్ ఆయనదే. మొదటి రోజు నాకు తోడొచ్చిన ఆ పిల్లాడి దగ్గర నంబర్ తీసుకుని రాసుకున్నాడట దుకాణాయన. దుకాణంలో పంపు ఇచ్చి నా నంబర్ కూడా చెప్పి వచ్చాను. రెండు రోజులు ఫోన్ రాలేదు. మూడో రోజు మా ఆయన చేశాడు, "ఎవడో ఫోన్ చేసి ఏ నాజిల్ వాడారు, ఎన్ని పంపులు కొట్టారు అని అడుగుతున్నాడే, నాకేం తెలుసు, ట్రాఫిక్‌లో ఉన్నాను." ఆయనకి తెలియనందుకు సరిగ్గా వాడలేదని రాసేసుకుని మోటారుకి 450 తీసుకున్నారు. గొడవ పెట్టుకుంటే తగ్గించేవాళ్లేమో, పత్తి మీద పచ్చదోమ ఉంది, నాకు అంత టైం లేదు.

పైసల విషయంలో చివరగా ఒకటి. నేను కొడుతున్నానని తెలిశాక, మగమనిషి ఇంట్లో లేని ముగ్గురు వాళ్ల చేలకీ కొట్టమన్నారు. మా ఊళ్లో పంపుకి నలభై రూపాయలు నడుస్తోంది. నాకు పాతిక ఇస్తామన్నారు. అదేంటి అంటే, "నీది చార్జింగ్ పంపు కదా, నీకు కష్టమేముంది?" ఊళ్లో నలభై తీసుకునేవాళ్లవీ చార్జింగ్ పంపులే, ఒకరిద్దరిది నా పంపు లాంటిదే. ఒక ఇంట్లో వితంతువు, ఆమె దగ్గర పాతిక తీసుకున్నా బాధ లేదు, ఆమె నాకు కలుపుకి మనిషి బదులు వస్తుంది. మిగతా ఇద్దరికీ నలభై అయితేనే వస్తానన్నాను. ఒకరు మానేశారు, ఒకరు ముప్పై ఐదుకి వచ్చారు. రెండు సీజన్లలో నా చేను వరకే లెక్కేసినా పంపు ఖరీదు మొదటి వానాకాలంలోనే వెళ్లిపోయింది, పత్తికి ఆరేడుసార్లు కొడతాం కదా, లెక్క మీరే వేసుకోండి.

కొనేవాళ్లు, ముఖ్యంగా మోసేది మీరే అయితే, దుకాణంలోనే పన్నెండు లీటర్ల నీళ్లు పోయించి వీపుకి తగిలించుకుని ఆ వీధి చివరి దాకా నడిచి రండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. మూత బిగించి ముందుకి వంగి చూడండి, కారితే వేరేది తీయమనండి. గ్యారంటీ కార్డు మీ ముందు, మీ పేరు, మీ నంబర్‌తో రాయించండి.

మొన్న కొత్త బ్యాటరీకి అదే దుకాణానికి వెళ్లాను, వేరే చోట లేదు మరి. 1,150. బిల్లు పుస్తకం తీసి అలవాటుగా "సార్ పేరు?" అన్నాడు. నా పేరు చెప్పాను, ఇంటి పేరుతో సహా, నిదానంగా. రాశాడు. బస్సెక్కాక చూసుకుంటే ఇంటి పేరులో ఒక అక్షరం తప్పుంది, నంబర్ మాత్రం కరెక్టే.